ఉపగ్రహ బ్యాటరీ: ఆఖరి బాధ్యత

భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచి, మాతృభూమి పాటను, మాటను ప్రవాసుల ఇళ్ళకు చేరవేసే సమాచార ఉపగ్రహానికి సూర్యకాంతే ఆహారం. అయితే మార్చి, సెప్టెంబరు విషువత్తులకు అటూ ఇటూ, దాదాపు 45 రోజుల చొప్పున, అది ప్రతిదినమూ భూచ్ఛాయలో ప్రవేశిస్తుంది. ఆ గ్రహణం గరిష్ఠంగా సుమారు 70 నిమిషాలు. అంతసేపూ ప్రాణాధారం బ్యాటరీయే. పదిహేనేళ్ళ జీవితకాలంలో ఇటువంటి గ్రహణాలు 1,300 దాకా వస్తాయి.

సంరక్షణ అంతా భూమి నుంచి పంపే ఆదేశాలతోనే జరగాలి. నికెల్-కాడ్మియం ఘటాల కాలంలో గ్రహణ ఋతువుకు ముందు బ్యాటరీని నెమ్మదిగా ఖాళీ చేసి, తిరిగి నింపేవారు. పాక్షిక వాడకంతో తగ్గిన వోల్టేజి దానితో చాలావరకు కోలుకునేది. నేటి లిథియం-అయాన్ ఘటాలకు ఆ చికిత్స అక్కరలేదు. గ్రహణాలు లేని నెలలలో వాటిని పూర్తిగా నింపక, చల్లగా ఉంచడమే మేలు. రసాయనం మారితే పథ్యమూ మారుతుంది.

ఇంత శ్రద్ధ వహించే పరిశ్రమ ఒక విషయంలో వెనుకబడింది. 2005లో ప్రయోగించిన స్పేస్‌వే-1 బ్యాటరీలు 2019 డిసెంబరులో వేడి వలన కోలుకోలేనంతగా దెబ్బతిన్నాయి. ఎండలో వాటితో పనిలేదు. నీడలో వాడక తప్పదు. చెడిన ఘటాలను వేరుచేసే ఏర్పాటు లేదు. వాడితే పేలవచ్చునన్న భయంతో, 2020 ఫిబ్రవరి 25న గ్రహణ ఋతువు మొదలయ్యేలోగా ఉపగ్రహాన్ని పై కక్ష్యకు తరలించడానికి డైరెక్‌టీవీ సంస్థ అమెరికా ప్రభుత్వ అనుమతి కోరవలసి వచ్చింది. వ్యవధి చాలక, మిగిలిన ఇంధనాన్ని వదిలివేయాలన్న నిబంధన నుంచి మినహాయింపునూ అడిగింది.

సేవ ముగిసినా సౌరఫలకాలు విద్యుత్తును ఇస్తూనే ఉంటాయి. అతిగా ఛార్జి అయిన బ్యాటరీ పగిలితే, ఆ శకలాలను కిందికి దించడానికి అక్కడ గాలి లేదు. అవి తరతరాలు తిరుగుతూనే ఉంటాయి. నిల్వశక్తిని చివర తొలగించాలన్న నియమం ఒక్కటే చాలదు. తొలగించే మీట నిర్మాణదశలోనే ఉండాలి. చెడిన ఘటాన్ని విడదీయలేని, ఛార్జింగును శాశ్వతంగా ఆపలేని ఉపగ్రహానికి ప్రయోగానుమతి ఇవ్వరాదు. అదనపు తీగలు, మీటలు బరువును, ఖర్చును పెంచుతాయన్నది నిజమే. పేలుడు తెచ్చే నష్టం అంతకంటె ఎక్కువ. దానిని భరించేది ఇరుగుపొరుగు ఉపగ్రహాలు.

వంట ముగిశాక పొయ్యిలో నిప్పు ఆర్పనిదే పల్లెలో ఎవరూ నిద్రపోరు. ఆపాటి జాగ్రత్త ఆకాశంలోనూ అవసరం.