మన ఉత్తరం, మన అక్షరం

1971వ సంవత్సరంలో రే టామ్లిన్సన్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు ఈమెయిలు పంపినప్పుడు, అది అర్ధశతాబ్ది తిరిగేసరికి మన పేటలలోని ఇండ్లకు సైతం చేరగలదని ఎవరు ఊహించి ఉంటారు? నేడు ఉపకారవేతనపు దరఖాస్తు మొదలు ఉద్యోగపు పిలుపు వరకు ఎన్నో వ్యవహారాలు ఈ మార్గాననే నడుస్తున్నవి. మన విద్యార్థులు ఉత్తరం పంపటం నేర్చుకున్నారు, సంతోషమే. కాని ఆ ఉత్తరం వెళ్ళనప్పుడు, వెళ్ళినా అందనప్పుడు, అందినా చదవ వీలు కానప్పుడు ఏమి చేయవలెనో నేర్చినవారు స్వల్పం. ఈ రెండవ విద్య లేనిదే మొదటిది అసంపూర్ణమని మా అభిప్రాయం.

ఈ సంచికకు రచనలు సేకరించేటప్పుడు జరిగిన రెండు సంగతులు మా చేత ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నవి. బి.ఏ. చదువుతున్న ఒక విద్యార్థిని తన దాదీ వద్ద విన్న పెండ్లి పాటలను గూర్చి తెలుగులో వ్యాసం వ్రాసి పంపింది. తెరిచి చూస్తే తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ఆంగ్లాక్షరాలు, బ్రాకెట్లు, ఏవేవో గుర్తులు పేజీల నిండా పరచుకొని ఉన్నవి. పిలిచి అడిగితే, “మా ఇంట్లో చక్కగానే కనిపిస్తున్నది సార్!” అని కన్నీళ్ళ పర్యంతమైంది. ఆమె చెప్పినది అక్షరాలా నిజం. తప్పు ఆమెది కాదు, కంప్యూటరుదీ కాదు, తప్పంతా అక్షరానిది.

అది ఎట్లాగంటే, ముద్రణాలయాలలో చిరకాలంగా వాడుకలో ఉన్న పాత తెలుగు ఫాంటులలో మన అక్షరరూపాలను ఆంగ్లాక్షరాలకు కేటాయించిన సంఖ్యలపైన కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్న చోట తెలుగు కనిపిస్తుంది. లేని చోట ముసుగు తొలగి ఆంగ్లం బయటపడుతుంది. యూనికోడ్ పద్ధతి ఇందుకు భిన్నం. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలతో సొంత ఇల్లు ఏర్పడింది. ఉర్దూకు కావలసిన అక్షరాలు అరబీ లిపి విభాగంలో చేరినవి. ఆ పద్ధతిలో వ్రాసిన ‘క’ ఏ దేశంలో, ఏ యంత్రంపైన తెరిచినా ‘క’ గానే ఉంటుంది.

ఉర్దూవారి కష్టం ఇంకొక రకం. నస్తాలీఖ్ లిపి వంపుసొంపులను యంత్రానికి అలవరచటానికి 1981లో మీర్జా అహ్మద్ జమీల్ అనే కళాకారుడు వేలకొలది అక్షరసంపుటులను చేతితో తీర్చి నూరీ నస్తాలీఖ్‌ను సిద్ధం చేశాడు. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ దానిని ఆధారం చేసుకొని కాతిబుల పనిని అందుకొన్నది. ఆ సేవ సామాన్యమైనది కాదు. కాని ఇన్‌పేజ్‌లో వ్రాసి పంపిన ఫైలు, ఆ సాఫ్ట్‌వేరు లేని ఇంట తెరుచుకొనదు. ఉత్తరప్రత్యుత్తరాలకు ఉర్దూలోనూ యూనికోడ్ నస్తాలీఖ్ ఫాంటులే శరణ్యం.

ఇందుకు వ్యయప్రయాసలు లేవు. విండోస్ సెట్టింగులలో భాషల పట్టికకు తెలుగును, ఉర్దూను చేర్చుకుంటే చాలు. విండోస్ మీటను, స్పేస్ మీటను కలిపి నొక్కితే ఒక భాష నుండి మరొక భాషకు మారవచ్చు. తెలుగుకు బదులు ఆంగ్లం పడుతున్నదని గాభరాపడేవారు ముందు చూడవలసినది ఇదే. వర్డ్‌లో ఉర్దూ వ్రాసేటప్పుడు బ్రాకెట్లు, ఆశ్చర్యార్థకాలు తప్పు చోట కూర్చుంటే, పేరాను కుడి నుండి ఎడమకు మార్చే బొత్తాము నొక్కాలి. పాత ఫాంటులోని రచనను యూనికోడ్‌కు మార్చే సాధనాలు కూడా ఉన్నవి. అయితే మార్చిన తర్వాత ఒత్తులు, గుణింతాలు తారుమారు కాకుండా మూలంతో పోల్చి చదవక తప్పదు. ఆ విద్యార్థినితో కలిసి మేము రెండు సాయంత్రాలు చేసిన పని ఇదే. ఆమె వ్యాసం దక్కింది.

రెండవ రచన దక్కలేదు. ఒక విద్యార్థి తన గజల్‌ను, దానితోపాటు పెద్ద పెద్ద ఛాయాచిత్రాలను పంపబోయాడు. జీమెయిల్‌లో 25 ఎం.బి. దాటిన జతపత్రాలు నేరుగా వెళ్ళవు. డ్రైవ్ లంకెగా వెళతాయి. లంకె వచ్చింది గాని దానిని తెరిచే అనుమతి రాలేదు. అనుమతి కోరుతూ మేము వ్రాసిన జాబు తిరిగివచ్చింది. అతని ఖాతాలో ఉచితంగా లభించే 15 జీ.బి. స్థలం నిండిపోయినది, నిండిన ఖాతాకు కొత్త ఉత్తరాలు అందవు. గడువు దాటింది. ఈ సంచికలో అతని పేరు లేదు. ఇది సంచిక కాక ఉపకారవేతనమైతే నష్టం ఎంత?

తిరిగివచ్చిన ఉత్తరంలో కారణం సాధారణంగా వ్రాసి ఉంటుంది: చిరునామా తప్పనో, పెట్టె నిండిందనో. మనవారు ఆ నాలుగు వాక్యాలు చదవరు! తెరపై వచ్చిన మాటను పూర్తిగా చదవటం మరమ్మతులో తొలి మెట్టు. ఇటీవల ఏ మార్పు చేశామో గుర్తు తెచ్చుకొనటం రెండవది. అదే పని మరొక యంత్రంపైన చేసి చూడటం మూడవది. అక్కడా జరగకపోతే లోపం ఖాతాలోనో, ఫైలులోనో ఉండవచ్చు. అక్కడ జరిగితే మన యంత్రంలో వెదకాలి.

మాకు తెలిసిన ఒక ఇంట పాత కంప్యూటరులో మెయిలు తెరుచుకొనటం మానింది. దుకాణంవారు అంతా ఫార్మాట్ చేయాలన్నారు, చేశారు. అన్నదమ్ముల ప్రాజెక్టు కాగితాలన్నీ పోయినవి. మెయిలు మాత్రం రెండు రోజులు తెరుచుకొని మళ్ళీ మొరాయించింది. అసలు కారణం లోపలి నాణెం వంటి చిన్న బ్యాటరీ అయిపోవటం. ఆపినప్పుడల్లా గడియారం ఎన్నో ఏండ్లు వెనుకకు పోతున్నది. తేదీ తప్పితే సురక్షిత సంబంధాన్ని యంత్రం నమ్మదు. తెరమూలనున్న తేదీని చూసి ఉంటే ఆ కాగితాలు మిగిలేవి. ఫార్మాట్ చివరి మందు. నకలు తీసుకొననిదే ఆ మందు మింగరాదు.

అంతకన్న ప్రమాదం మరొకటి. నెట్ సెంటర్ వారి ఫోను నంబరుతో ఖాతా తెరిపించుకొని, పాస్‌వర్డు వారికే అప్పగించిన విద్యార్థులు మనలో ఉన్నారు. మరచిన నాడు ఓటీపీ ఎవరికి వెళుతుంది? తన ఇంటి తాళంచెవి అంగడిలో వదలి రావటం వంటిదే ఇది.

ఇవన్నీ కంప్యూటరు విభాగంవారి పనులని, భాషాధ్యాపకులకు ఎందుకని కొందరు పెద్దలు అనవచ్చు. ఉర్దూలో ఖత్ అంటే ఉత్తరమూ, చేవ్రాత కూడా. చేవ్రాత దిద్దించటం భాష చెప్పేవాని విధి కాదా? నస్తాలీఖ్ శోభ తగ్గుతుందని మరికొందరి శంక. అందులో కొంత సత్యం లేకపోలేదు. అందుచేత అచ్చుపుటల అలంకరణ ముద్రాపకుని ఇష్టానికి వదలి, రచన మాత్రం యూనికోడ్‌లో స్వీకరిద్దాం.

కళాశాల కమిటీవారికి మా మనవి రెండే. వచ్చే సంచికకు రెండు భాషల రచనలనూ యూనికోడ్‌లోనే కోరుదురు గాక. వారానికి ఒక గంట ప్రయోగశాలను అన్ని తరగతులవారికి తెరిచి, ఈ చిన్న మరమ్మతులు వారి చేతనే చేయించుదురు గాక.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ రాత్రే మీ ఖాతాలో ఎవరి నంబరున్నదో చూడండి. మీ రచనకు ఒక నకలు తీసి వేరొక చోట దాచండి. మీరు వ్రాసినది మీ అక్షరాలతోనే లోకానికి చేరాలి.