గెల మీద పడితే ఇక ఇంటికేనా?

కార్మిక శాఖ మంత్రి గారికి,

నల్లజర్ల చుట్టుపక్కల పామాయిల్ తోటల్లో కోత ముఠాలను చూసే ఉంటారు. పొడవాటి గెడ, కొసన కొడవలి. పైనుంచి పడే గెల ఒక్కోటి పదిహేను, ఇరవై కిలోలు. భుజం విరిగినవాడు మూడు నెలలకి లేచి వస్తే, అతని చోట అప్పటికే ఇంకొకడు.

వర్ణాంధత్వంతో స్టీరింగుకి దూరమైన తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్‌కి వేరే పని ఇమ్మని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రభుత్వోద్యోగికి ఇలాంటి రక్షణే ఇస్తుంది. మస్టరే లేని ముఠా కూలీ ఏ సెక్షన్ చూపించాలి? (కొడవలి కూడా సొంతదే, పాపం.)

గెల ఎత్తలేని చెయ్యి రాలిన పళ్ళు ఏరగలదు, కాటా దగ్గర లెక్క రాయగలదు. ముఠాల పేర్లు మండలంలో నమోదు చేయించండి. తిరిగొచ్చినవాడికి కొన్నాళ్ళు తేలిక పని, పాత కూలితోనే. తేలిక పని విలువకీ పాత కూలికీ మధ్య తేడా ఎవరు భరించాలో రైతునీ మిల్లునీ కూర్చోబెట్టి తేల్చండి. కోతల జోరు రాకముందే.

ఇట్లు,
నల్లజర్ల తోటల దారిన రోజూ పోయే ఒకడు