వెదురు అడ్డు

చైత్రమాసంలో అరకు నుంచి పాడేరు దారి పట్టి డుంబ్రిగుడ చేరేలోపు బండి ఎన్నిచోట్ల ఆపాలో ముందే చెప్పలేం. ఇటుకల పండుగ రోజులవి. మగవాళ్ళు వేట పేరు మీద కొండెక్కుతారు. ఆడవాళ్ళు దారికడ్డంగా వెదురు బొంగు పట్టుకుని నిలబడతారు. ఒక పాట, నాలుగడుగుల ధింసా నాట్యం, ఆ తర్వాత చెయ్యి చాపడం. డబ్బులిస్తే బొంగు పైకి లేస్తుంది. ఈసారి మాతో విశాఖలో కంప్యూటరు ఉద్యోగం చేసుకునే మా మేనల్లుడు కూడా ఉన్నాడు. మూడో బొంగు దాటాక వాడన్నాడు: “మావయ్యా, ఇది రూల్సున్న ఆటే. ఎవరి పాత్ర వాళ్ళకుంది, ఏం చేస్తే దారి దొరుకుతుందో అందరికీ తెలుసు. రిఫరీ కూడా వాళ్ళే.”

నాకు చిర్రెత్తింది. పండుగను ఆట అనడం పట్నంవాళ్ళ చిన్నచూపనిపించింది. కానీ చాపరాయి దగ్గర పరుపుబండల మీద జారే నీళ్ళను చూస్తూ కూర్చున్నాక, వాడి మాట అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదనిపించింది. వేటకెళ్ళినవాళ్ళు ఉత్తచేతులతో దిగివస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి వెక్కిరించడం ఆ పండుగలో ఆనవాయితీ. ఆ ఎగతాళి భయం వేటగాణ్ణి ఇంకో వాగు దాటించి ఉంటుంది, ఇంకో రాత్రి కొండ మీదే ఉంచి ఉంటుంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, అడవి జంతువును కొట్టడం నేరమైంది. పండుగ పేరు అదే, నెల అదే, పాటలూ చాలామటుకు అవే. కానీ కొండ మీది సగం సన్నగిల్లింది. రోడ్డు మీది సగం, మా బోటి పర్యాటకుల పుణ్యమా అని, బలిసింది. ఒక్క నియమం కదిలితే పండుగ బరువంతా ఒక వైపు నుంచి మరో వైపుకు ఒరిగింది.

మేనల్లుడు ఈ సంగతి ఇంత త్వరగా పట్టుకోవడానికి కారణం వాడి సంచిలోనే ఉంది: ఇరవై ముఖాల పాచిక. శనివారం రాత్రుళ్ళు నలుగురైదుగురు స్నేహితులు బల్ల చుట్టూ చేరి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడతారట. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు ఒకడు యోధుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. “గుహలోకి దిగుతాను”, “తలుపు సందులోంచి చూస్తాను” అని ఎవరి పాత్ర తరఫున వాళ్ళు చెబుతారు. అయిందో కాలేదో పాచిక తేలుస్తుంది. వీధినాటకానికీ గవ్వలాటకూ పుట్టిన బిడ్డ అనుకోండి.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని మూడు చిన్న పుస్తకాలుగా ఒక పెట్టెలో పెట్టి అమ్మారు. బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల ఆట దీనికి తల్లి. అయినా ఆ తొలి రోజుల్లో బాగా ఆడేవాడు యుద్ధం జోలికి పోయేవాడు కాదు. కారణం లెక్కల్లో ఉంది. గుహలోంచి ఒక బంగారు నాణెం బయటికి తెస్తే ఒక అనుభవ పాయింటు. కొత్త మంత్రగాడేమో ఒక్క కత్తిపోటుకు నేలకొరిగే బాపతు. ప్రాణం అంత చవక, బంగారం అంత ఖరీదు. కాబట్టి తెలివైనవాడు రాక్షసుడు నిద్రపోయేదాకా కాచుకుని, మూట భుజానేసుకుని, పిల్లిలా జారుకునేవాడు. పుస్తకం అట్ట మీద వీరులు కత్తులు దూస్తున్నారు. లోపలి నియమం వాళ్ళను దొంగల్ని చేసింది.

1989లో రెండో కూర్పు వచ్చింది. బంగారానికి పాయింట్లివ్వడం ‘ఇష్టమైతే పెట్టుకోండి’ అనే కోవలోకి పోయింది. 2000లో వచ్చిన మూడో కూర్పులో పాయింట్లు ప్రధానంగా ఎదురుపడ్డ శత్రువును జయించినందుకే. ఇక రాక్షసుణ్ణి నిద్రపోనివ్వడం ఎందుకు? 2008 నాటి నాలుగో కూర్పు దూరాలను గడుల్లో కొలిచింది, ఏ పాత్ర ఏ దెబ్బ ఎన్నిసార్లు కొట్టవచ్చో జాబితా రాసిచ్చింది. పోరాటం చదరంగమంత పదునెక్కింది. మాటలాడి తప్పించుకునే మనిషి అందులో కాస్త బిక్కమొహం వేశాడు. 2014 నాటి ఐదో కూర్పు మళ్ళీ లెక్క తగ్గించింది. పరిస్థితి అనుకూలంగా ఉంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకో, ప్రతికూలమైతే చిన్నది తీసుకో, అంతే. ఇన్నేళ్ళూ డ్రాగన్ డ్రాగనే, గుహ గుహే. ఆటగాడు మాత్రం దొంగ నుంచి వేటగాడయ్యాడు, వేటగాడి నుంచి సేనాపతయ్యాడు, ఇప్పుడు కథకుడవుతున్నాడు.

వాడు చెప్పినవాటిలో నన్ను బాగా పట్టుకున్నది దొంగ సంగతి. మొదటి పెట్టెలో దొంగ లేడు. గోడెక్కడం, బోను వెతకడం ఎవరైనా ప్రయత్నించవచ్చు. ఎలా ఎక్కుతావో నోటితో చెప్పి కథకుణ్ణి ఒప్పించాలి. 1975లో ఒక అనుబంధ పుస్తకం దొంగ పాత్రను ప్రవేశపెట్టి, గోడెక్కడంలో వాడికి నూటికి ఇన్ని పాళ్ళని అంకెలు రాసింది. దొంగకు కొత్త విద్య ఇచ్చామనుకున్నారు. జరిగిందేమిటంటే, తక్కినవాళ్ళ చేతుల్లోంచి ఆ పని జారిపోయింది. “నా కాగితం మీద ఆ అంకె లేదు కదా” అని యోధుడు గోడ కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకరి సామర్థ్యాన్ని కాగితం మీద పెట్టడమంటే మిగతావాళ్ళ సాహసానికి కంచె వేయడం కూడా. మన సాహిత్యంలో ఫలానావాడు కథకుడు, ఫలానావాడు విమర్శకుడు అని ముద్రలు వేసే సంపాదకుల మీద కూడా ఈ నేరం ఉంది. అందులో నా వాటా నేను కాదనను.

ఇదంతా పరాయి సరుకులా కనబడితే అవధానం గుర్తు చేసుకోండి. పృచ్ఛకులందరికీ పాత్రలు పంచిపెట్టి ఆడే ఆటే కదా అది! కవి ఏకాగ్రత చెడగొట్టడానికే ఒక అప్రస్తుత ప్రసంగిని కూర్చోబెట్టిన జాతి మనది. నిషిద్ధాక్షరి చూడండి. అవధాని ఒక అక్షరం చెబుతాడు, పృచ్ఛకుడు తర్వాతి అక్షరంగా ఫలానాది రాకూడదంటాడు. ఎవరికైనా ముందుగా తోచే మాట అక్కడే తెగిపోతుంది. అందుకే నిషిద్ధాక్షరి పద్యం సంస్కృత కోశాల వైపు పరుగెడుతుంది. తన ఇంటి తెలుగులో రాయాలని కవికి ఎంత కోరికున్నా నియమం కాలు లాగుతుంది. అదే కవి దత్తపదిలోకి రాగానే, ఇచ్చిన నాలుగు పరాయి మాటల్ని తెలుగు సంధుల్లో విరిచి దాచేయాలి కాబట్టి, చమత్కారి అవుతాడు. తిరుపతి వెంకట కవుల నాటి అవధానాల్లో చదరంగం, పుష్పగణనం వంటివీ ఉండేవి. తర్వాత్తర్వాత ఎనిమిది అంశాలూ సాహిత్యమే అయిన అవధానాలు పెరిగాయి. పావుల్నీ పూలనీ గుర్తుంచుకునే బుద్ధి వెనక్కి తగ్గి, ఛందస్సులో ఈదే బుద్ధి ముందుకొచ్చింది. దానికి చప్పట్లు కొట్టాలో విచారించాలో నాకింకా తేలలేదు.

నియమం కదలకుండా పేర్లే మారితే? వైకుంఠపాళి అందుకు సాక్ష్యం. ముక్కోటి ఏకాదశి జాగారాల్లో ఆడుకున్న ఆ పటంలో నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు. ఇంగ్లండు వెళ్ళి అది పిల్లల ఆటయింది. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాముల్నే తీసేసి జారుడుబల్లలు పెట్టింది. ఇంత మార్చినా ఆడే తీరులో పిసరంత తేడా రాలేదు. ఎందుకంటే అందులో ఆటగాడు ఎంచుకునేదేమీ లేదు, పాచిక ఎంతంటే అంతే. పులిజూదం అలా కాదు. మూడు పులులు, పదిహేను మేకలు. ఎన్ని మేకలు పోతే ఓటమో ఆ లెక్క తగ్గించి చూడండి, అంతదాకా మేకను ఎర వేసినవాడు దాన్ని కూనలా దాచుకుంటాడు.

ధింసాకూ కూర్పులున్నాయి. ఊళ్ళో ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడే వలయం లోపలికి చూస్తుంది. అక్కడ ప్రేక్షకుడికి వేరే చోటంటూ లేదు, దగ్గరికొస్తే లాగేస్తారు. ఆకులు కోసే పనికి పొటర్ తోల ధింసా, పులిని తలపోసే బాగ్ ధింసా, ఇలా ఎన్నో. పర్యాటకుల కోసం వేదికెక్కినప్పుడు నియమాలు రెండే: ఇన్ని నిమిషాల్లో ముగించాలి, ముఖాలు బయటికి కనబడాలి. వలయం విప్పుకుని వరస అవుతుంది. పులి వచ్చేలోపే సమయం అయిపోతుంది. కళాకారుల్ని తప్పుపట్టను, టిక్కెట్టు కొన్నవాళ్ళం మనమే.

సాయంత్రం తిరిగి వస్తుంటే పొద్దున్న ఆపిన చోటే మళ్ళీ బొంగు అడ్డం వచ్చింది. ఉదయమే ఇచ్చామని మేనల్లుడు కిటికీలోంచి వాదించాడు.

“అది ఎళ్ళినందుకు బాబూ. ఇప్పుడు వచ్చినందుకు ఇవ్వలేదు కదా” అంది ముందున్న పెద్దావిడ.

వాడి జేబులో చిల్లర అయిపోయింది. ఫోన్లో పంపుతానన్నాడు. ఆవిడ ఫోన్ వైపు చూసింది, వాడి బూట్ల వైపు చూసింది. “డబ్బుల్లేకపోతే దిగి ఆడు” అంది. పొద్దుట్నుంచీ అన్ని బొంగుల దగ్గరా అద్దం దించి నోటు అందించి ముందుకు పోయినవాళ్ళం. ఇప్పుడు బండి తలుపు తెరుచుకుంది. ఇద్దరు అమ్మాయిలు వాణ్ణి చెరో పక్క వీపు మీదుగా పట్టుకున్నారు. మూడో అడుగుకే వాడి కాలు తప్పింది, వలయమంతా ఆగి, నవ్వి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. వెనకాల వచ్చిన జీపు హారన్ కొడుతోంది. ఆవిడ అటు తిరగనైనా లేదు.