జెమ్‌లు కొట్టుకుంటే ఇల్లు మొత్తం కూల్చక్కర్లేదు

రూబీలో ఎర్రర్ వచ్చిందని ఏ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టినా మొదట వచ్చే సలహా ఒకటే: "అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్ బ్రో." ఫోన్ హ్యాంగ్ అయితే ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యమనే బ్యాచే ఇక్కడా ఉంది. ఈ సలహా నాకు అస్సలు నచ్చదు. టైమ్ వేస్ట్ అవుతుందనేది ఒక కారణం. అసలు సమస్య అలాగే మిగిలిపోవడం, దాని ఖర్చు అందరికీ ఒకేలా పడకపోవడం ఇంకా పెద్ద కారణాలు.

హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ ఉన్నోడికి రెండు వందల జెమ్‌లు మళ్లీ దించుకోవడం అంటే ఒక టీ తాగే టైమ్. అమ్రాబాద్ వైపు లెక్క వేరు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి దోమలపెంట వైపు శ్రీశైలం రోడ్డు ఎక్కితే, నల్లమల అడవిలో సిగ్నల్ గీతలు ఎప్పుడు పోతాయో ఎప్పుడొస్తాయో తెలియదు. పైగా అది టైగర్ రిజర్వ్. అడవి మధ్య టవర్లు వరసగా నిలబెట్టే చోటు కాదు. ఆ ఏరియా నుంచి బీటెక్ చేసిన ఒక తమ్ముడు నాకు తెలుసు. ఇంటర్న్‌షిప్ కోసం ఒక రెయిల్స్ అసైన్‌మెంట్ చేస్తున్నాడు, ఫోన్ హాట్‌స్పాట్ మీద. ఎవరో చెప్పారని జెమ్‌లన్నీ తీసేశాడు, జెమ్‌ఫైల్ లాక్ కూడా డిలీట్ చేశాడు. రోజుకి వచ్చే ఒకటిన్నర జీబీ డౌన్‌లోడ్ మధ్యలోనే అయిపోయింది. "అన్నా, ఇప్పుడు పాత ఎర్రర్ కూడా రావట్లేదు, అసలు ఏదీ రన్ కావట్లేదు" అని ఫోన్ చేశాడు.

వాడికి మొదట వచ్చిన ఎర్రర్ రూబీ వాళ్లందరికీ పరిచయమే. "యూ హ్యావ్ ఆల్రెడీ యాక్టివేటెడ్ రేక్ 13.1.0, బట్ యువర్ జెమ్‌ఫైల్ రిక్వయర్స్ రేక్ 13.0.6." ఇందులో ఏదీ పాడైపోలేదు. ఒక ప్రాసెస్‌లో ఒక జెమ్‌కి ఒక్క వెర్షనే లోడ్ అవ్వాలి, అది రూబీజెమ్స్ రూల్. బండిల్ అని ముందు పెట్టకుండా ఉత్తి రేక్ అని కొడితే, మెషీన్‌లో ఉన్న వాటిలో కొత్త వెర్షన్ ముందు కూర్చుంటుంది. తర్వాత బండ్లర్ వచ్చి లాక్ ఫైల్ తెరిచి "నా సీటు 13.0.6ది కదా" అంటుంది. బస్సులో కర్చీఫ్ వేసిన సీట్లో వేరేవాళ్లు కూర్చుంటే జరిగే గొడవే ఇది. దానికి బస్సు మార్చాలా?

బండిల్ ఎగ్జెక్ రేక్ అని కొడితే, బండ్లర్ అందరికన్నా ముందు ఎక్కి లాక్‌లో ఉన్న వెర్షన్లకే సీట్లు ఇస్తుంది. డౌన్‌లోడ్ సున్నా. ఎర్రర్ మెసేజ్‌లో రెండో వాక్యం కూడా ఇదే చెబుతుంది. మనోళ్లు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయి స్క్రీన్‌షాట్ తీస్తారు, అదీ సగం కట్ అయ్యి.

బండిల్ ఎగ్జెక్ పెట్టినా పోని కేసులు ఉన్నాయి, ఒప్పుకుంటా. స్ట్రింగ్‌ఐవో, స్ట్ర్‌స్కాన్ లాంటివి డిఫాల్ట్ జెమ్‌లు, రూబీతో పాటే వస్తాయి. మీ యాప్ కన్నా ముందు నడిచే సర్వర్ గానీ, రూబీఆప్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఎప్పుడో పెట్టి మర్చిపోయిన లైన్ గానీ వాటిని ముందే లోడ్ చేసేస్తే, బండ్లర్ వచ్చేసరికి సీటు నిండిపోయి ఉంటుంది. ఇక్కడ రూబీజెమ్స్ మీద నాకు కంప్లయింట్ ఉంది: ఏ వెర్షన్ కూర్చుందో చెబుతుంది గానీ, ఎవరు కూర్చోబెట్టారో చెప్పదు. ఆ ఒక్క లైన్ ఉంటే సగం గొడవలు అక్కడే తేలిపోయేవి. అది లేదు కాబట్టి మనమే వెతకాలి. రెయిల్స్ యాప్ అయితే కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని బూట్ ఫైల్ మొదటి లైన్‌లో జెమ్ లోడెడ్ స్పెక్స్‌ని ప్రింట్ చేయించండి. బండ్లర్ రాకముందే ఎవరెవరు లోపల ఉన్నారో లిస్ట్ వచ్చేస్తుంది. దొరికాక ఆ ఒక్క జెమ్ వెర్షన్‌ని లాక్‌లో సరిపోయేలా మార్చుకుంటే చాలు.

లాక్ ఫైల్ డిలీట్ చెయ్యడం అన్నిటికన్నా చెత్త సలహా. అది పోతే బండ్లర్ ప్రతి జెమ్‌కీ జెమ్‌ఫైల్ ఒప్పుకునేంత కొత్త వెర్షన్ వెతుక్కుంటుంది. గొడవపడ్డ ఒక్క జెమ్ కోసం మిగతా అన్నీ మారిపోతాయి. జెమ్ క్లీనప్ కూడా అలాంటిదే. పాత వెర్షన్లు ఊడ్చేస్తుంది, వాటి మీద నడిచే మీ ఇంకో ప్రాజెక్ట్ రేపు పొద్దున ఆగిపోతుంది.

"ఎక్స్‌టెన్షన్లు బిల్డ్ కాలేదు" అని నోకోగిరి లాంటి జెమ్ మొరాయిస్తే జెమ్ ప్రిస్టీన్ నోకోగిరి అని కొట్టి చూడండి. మెషీన్‌లో కాష్ అయి ఉన్న ఫైల్ నుంచే మళ్లీ కడుతుంది. కాష్ ఊడ్చేయకుండా ఉంటే డేటా పైసా ఖర్చు కాదు.

డాకర్ వాడితే ఈ గోలే ఉండదు కదా అంటారు. నిజమే, కానీ ఇమేజ్ వందల ఎంబీలు. ఆ తమ్ముడి ల్యాప్‌టాప్‌కీ డేటా ప్యాక్‌కీ రెండింటికీ భారమే.

ఫోన్‌లో టర్మక్స్ వేసుకుని రూబీ నేర్చుకునేవాళ్లకి ఒక ముక్క. మామూలు లైనక్స్‌లో వాడే జీలిబ్‌సీ బదులు ఆండ్రాయిడ్‌లో బయోనిక్ అనే సీ లైబ్రరీ ఉంటుంది. అందుకే లైనక్స్ కోసం ముందే కంపైల్ చేసిన జెమ్ ఫోన్‌లో లోడ్ అవ్వకపోవచ్చు. చూడ్డానికి ఇదీ లైబ్రరీ ఎర్రర్‌లాగే ఉంటుంది, జబ్బు మాత్రం వేరు. ఇక్కడ బండిల్ ఎగ్జెక్ ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు. క్లాంగ్, మేక్ ప్యాకేజీలు వేసుకుని, ఆ జెమ్‌ని సోర్స్ నుంచి ఫోన్‌లోనే కంపైల్ చేసుకోవాలి. ఫోన్ కాస్త వేడెక్కుతుంది, చార్జర్ పెట్టుకోండి.

ఆ తమ్ముడి సంగతి: లాక్ ఫైల్ గిట్‌లో ఉంది కాబట్టి పాతది వెనక్కి తెచ్చాం. జెమ్‌లు మాత్రం మళ్లీ దించాల్సిందే. వాడు అచ్చంపేటలో ఒక ఫ్రెండ్ రూమ్‌లో వైఫై దగ్గర కూర్చుని బండిల్ కాష్ కొట్టాడు. జెమ్ ఫైల్స్ అన్నీ ప్రాజెక్ట్‌లోనే వెండర్ కాష్ ఫోల్డర్‌లోకి వచ్చేశాయి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకున్నాడు. ఇంటికెళ్లి డేటా ఆఫ్ చేసి, బండిల్ ఇన్‌స్టాల్ తర్వాత డ్యాష్ డ్యాష్ లోకల్ అని కొట్టాడు. గడువుకి ఇంకో రోజు ఉండగానే అసైన్‌మెంట్ పంపించేశాడు.