మన పడకలు – మన ఊపిరి

దేహశుద్ధి విషయంలో మన సమాజానికి ఒకరు చెప్పవలసినది లేదు. దినమునకు ఐదు పర్యాయాలు వుజూ చేసే ఇండ్లలో శుభ్రత నిత్యాచారం. అయినను, కడిగిన ఆ ముఖాన్ని రాత్రి ఆన్చే దిండు ఎన్నాళ్ళ క్రితం ఎండను చూచినదో చెప్పగలవారు అరుదు. శ్వాసకోశ సంబంధమైన ఎలర్జీ గలవారికి ఈ అశ్రద్ధ స్వల్ప విషయం కాదు.

ఇంటి దుమ్ము ఉబ్బసాన్ని రేపునని వైద్యులు చిరకాలంగా ఎరుగుదురు. ఆ దుమ్ములోని ఏ పదార్థం అందుకు కారణమో మాత్రం తేలలేదు. 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో వోర్‌హార్స్ట్, స్పీక్స్‌మా ప్రభృతులు అది కంటికి ఆనని ఒక చిన్న పురుగు కావచ్చునని ప్రతిపాదించారు. తదుపరి పరిశోధనలు దానిని ధ్రువపరచాయి. అదే డస్ట్ మైట్ అనబడే ధూళిపురుగు. ఎనిమిది కాళ్ళతో సాలీడుకు చుట్టమైన ఈ ప్రాణి పొడవు మిల్లీమీటరులో సుమారు మూడవ వంతు. మన చర్మం నుండి రాలే పొట్టు దాని ఆహారం. అది నీరు త్రాగదు. గాలిలోని తేమనే పీల్చుకొని బ్రతుకుతుంది. మనలను కరవదు. దాని విసర్జన రేణువులలోని ప్రోటీనులు గాలిలో లేచి, ఎలర్జీ గలవారిలో తుమ్ములను, ఆయాసాన్ని కలిగిస్తాయి.

దీనినిబట్టి ఒక విషయం స్పష్టం. ఉబ్బసం అంటువ్యాధి కాదు. ఆయాసపడే విద్యార్థి ప్రక్కన మంచం వేసుకొనుటకు జంకడం, అతనిని ఒక మూల గదికి పంపడం అజ్ఞానమే కాక అన్యాయం కూడాను. వెలుతురు చొరని ఆ గదిలో తేమ అధికమై అతని బాధ ఇనుమడించవచ్చును.

నివారణోపాయాలు కష్టసాధ్యములు కావు. దుప్పట్లు, దిండు గలేబులు వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికిన పురుగులు చస్తాయి. పరుపులను ఎండలో ఆరవేసిన తేమ తగ్గి వాటి వృద్ధి మందగిస్తుంది. పరుపును ఆరుబయటనే దులపాలి. ఆ పని రోగికి అప్పగించరాదు. పొడిగా ఊడ్చుటకంటె తడిగుడ్డతో తుడుచుట మేలు. వీటిలో ఏ ఒక్కదానితోనో సరిపెట్టుకొనక అన్నింటినీ కలిపి పాటించాలి. వైద్యుడిచ్చిన మందును, ఇన్‌హేలర్‌ను మాత్రం మానరాదు.

వసతిగృహాలు నడిపే విద్యాసంస్థల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. వర్షాకాలానికి ముందొకసారి, పిమ్మట ఒకసారి పరుపులన్నీ ఎండకు వేయించండి. ఉబ్బసమున్న విద్యార్థికి గాలి, వెలుతురు గల గదిని, దగ్గరి నేత గల పరుపు తొడుగును ఇప్పించండి. వ్యయమెక్కడిదని కొందరు అడుగవచ్చు. ఎండకు వెల లేదు. తొడుగు వెల స్వల్పం. రాత్రంతా కూర్చుండి ఊపిరికై పెనుగులాడిన విద్యార్థి మరునాటి పరీక్షలో కోల్పోయేదానికి వెల కట్టగలవారెవరు?

విద్యార్థులారా! ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంటి పరుపులను మీరే మిద్దెమీదికి మోయండి. చదువుకున్నవారు ఇంటివారికి చేయగల మేలులో ఇదియు ఒకటి.