రెండో తాళంచెవి

మొన్న మా కదిరి నరసింహస్వామి తేరు రోజు ఇంటికి తాళం వేసి అందరం పోయినాం. తేరు మీద దవనం, మిరియాలు చల్లి తిరిగొచ్చేసరికి బాత్‌రూమ్‌లో కారే పైపు బాగై ఉంది. బీరువాలో మా ఆవిడ కమ్మలు మాత్రం లేవు.

పైపు సంగతి ఓనరుకు చెప్పింది నేనే, వారం ముందు. ఆయన తన దగ్గరున్న రెండో తాళంచెవి ప్లంబరుకిచ్చి పంపినాడంట. నాకు ఒక ఫోనన్నా చెయ్యలేదు. అడిగితే, "ఏమప్పా, నేనేమన్నా దొంగతనం చెయ్యమని పంపినానా?" అన్నాడు.

కోపం దిగినాక చూస్తే ఆ మాటలో సగం న్యాయముంది. జీతమిచ్చి పెట్టుకున్న మనిషి పనిలో భాగంగా చేసిన తప్పుకు యజమాని బాధ్యుడు. కూలి మాట్లాడుకుని తన పని తాను చేసుకుపోయే ప్లంబరు అట్లాంటి మనిషి కాడు. పైగా పైపు బిగించే పనిలో బీరువా తెరవడం భాగం కాదు. 1978లో స్టేట్ బ్యాంక్, శ్యామాదేవి కేసులో సుప్రీంకోర్టు ఇట్లాంటి గీతే గీసింది. ఖాతాలో వెయ్యమని తెలిసిన బ్యాంకు ఉద్యోగి చేతికిచ్చిన డబ్బు అతను మింగేశాడు. అతను తీసుకున్నది బ్యాంకు తరఫున కాదు, వాళ్ల మనిషిగా. కాబట్టి బ్యాంకు బాధ్యత లేదంది కోర్టు.

మిగతా సగం తాళంచెవిది. బాడుగ కట్టినంత కాలం ఇంటిని అంతరాయం లేకుండా అనుభవించే హక్కు మనకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోనే ఉంది. నేనే తలుపు తీసి, ప్లంబరును ఒంటరిగా వదిలి తేరుకు పోయుంటే తప్పు నాదే. నాకు చెప్పకుండా, వెంట మనిషిని పెట్టకుండా చెవి ఇచ్చింది ఆయన. దొంగతనానికి కాదు గానీ, ఆ నిర్లక్ష్యానికి పరిహారం అడగొచ్చు. కమ్మలు ఉన్నాయని చూపే బిల్లో, పెళ్లి ఫొటోనో మనమే తెచ్చుకోవాల.

స్టేషన్లో ఫిర్యాదు రాస్తూ "ప్లంబరే తీసినాడు" అని రాయబోయి ఆగినా. నేను చూసినానా? ఆ చెవి ఎన్ని చేతులు మారిందో! ఇంట్లో దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. నాలుగిళ్ల నమ్మకం మీద బతికేవాని మెడకు అనుమానంతో అది కట్టేదెట్లా? ఎప్పుడు పోయినాం, ఎప్పుడొచ్చినాం, చెవి ఎవరి దగ్గరుండె, అంతే రాసిచ్చినా. ఎఫ్‌ఐఆర్ నకలు అడిగి తీసుకున్నా, అది ఉచితమే.

కమ్మలు ఇంకా దొరకలేదు. ఓనరు ఒక నెల బాడుగ వద్దన్నాడు. నేను తలుపుకు కొత్త తాళం వేయించి, రెండు చెవులూ నా దగ్గరే పెట్టుకున్నా.

"మళ్లీ పైపు కారితే ఎట్లప్పా?" అన్నాడు.

"ఫోన్ చెయ్యన్నా, నేనే వచ్చి తలుపు తీస్తా" అన్నా.