పెద్ద లెన్సు లేకపోతే పక్షుల్ని చూడకూడదా?

“మాస్టారూ, పెద్ద లెన్సు లేకపోతే పక్షుల ఫోటోలు తీయలేమా?” అని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఈ మధ్య నన్నడిగింది. మోచేతి పొడవు లెన్సు మోస్తున్న ఫోటోగ్రాఫర్ని ఎక్కడో వీడియోలో చూసిందట. అది చూసినప్పటినుంచి, సాయంత్రాలు చెరువుగట్టుకు వెళ్ళి కొంగల్ని చూసే అలవాటే మానేసింది! అది విని నాకు బాధ కలిగింది. విద్యార్థులకు తేలికపాటి పరికరాలే మేలని నా అభిప్రాయం. ఎందుకో లెక్కవేసి చూద్దాం.

పెద్ద లెన్సుకు అంత బరువు ఎందుకు? దూరపు వస్తువు ప్రతిబింబం పెద్దదిగా పడాలంటే నాభ్యంతరం ఎక్కువ ఉండాలి. 15 మీటర్ల దూరంలో 15 సెం.మీ. పొడవున్న లకుముకి పిట్ట కూర్చుందనుకోండి. 300 మి.మీ. లెన్సు దాని ప్రతిబింబాన్ని 3 మి.మీ. పొడవున, 600 మి.మీ. లెన్సు 6 మి.మీ. పొడవున ఏర్పరుస్తుంది. కాని నాభ్యంతరం రెట్టింపైనా ప్రతిబింబం అంతే వెలుగుతో ఉండాలంటే, లెన్సు వ్యాసం కూడా రెట్టింపు కావాలి. మందం కూడా రెట్టింపైతే గాజు ఎంత పెరుగుతుంది? 2×2×2, అంటే 8 రెట్లు! నిజమైన లెన్సుల్లో లెక్క కచ్చితంగా ఇలాగే ఉండదు. అయినా 150 మి.మీ. వెడల్పు ద్వారం గల 600 మి.మీ. లెన్సులు 3 కిలోలకు పైగా తూగడానికి మూలకారణం ఇదే.

మరి బరువు తగ్గించే ఉపాయాలు లేవా? ఉన్నాయి. మొదటిది చిన్న సెన్సరు. 36 మి.మీ. వెడల్పు సెన్సరుకు బదులు 17.3 మి.మీ. వెడల్పు సెన్సరు ఉన్న కెమేరా వాడితే, 300 మి.మీ. లెన్సుతోనే పిట్ట చిత్రంలో సుమారు రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. రెండవది ఫ్రెనెల్ చూపిన దారి. కాంతిని వంచేది లెన్సు ఉపరితలం వాలే గాని, మధ్యనున్న మందం కాదని ఆ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గ్రహించి, 1820లలో దీపస్తంభాలకు వలయాల లెన్సు తయారుచేశాడు. ఆ పేరుతోనే, సన్నని వలయాల వద్ద కాంతి వివర్తనాన్ని వాడుకునే కెమేరా లెన్సులు వచ్చాయి. 2015లో నికాన్ కంపెనీ తెచ్చిన అలాంటి 300 మి.మీ. లెన్సు బరువు 755 గ్రాములే. అంతకుముందు అదే కంపెనీ చేసిన, అంతే ద్వారం గల లెన్సు దాదాపు రెట్టింపు బరువుండేది.

“మసక వెలుతురులో చిన్న పరికరం పనికిరాదు కదా?” అంటారేమో. నిజమే. చిన్న లెన్సు తక్కువ కాంతిని పోగుచేస్తుంది. అందువల్ల వేకువలో చిత్రం గరుకుగా వస్తుంది. అయితే మనం గంటసేపు ఆగితే సూర్యుడే సాయం చేస్తాడు!

పదేళ్ళ క్రితం మిత్రుడి దగ్గర పెద్ద లెన్సు, ముక్కాలి స్టాండు అరువు తెచ్చుకుని, నేలపట్టులో గూడబాతుల ఫోటోలు తీయబోయాను. స్టాండు విప్పి లెన్సు బిగించేలోగా తల మీదుగా వచ్చిన పక్షి కాస్తా చెట్ల చాటుకు పోయింది! భుజం లాగేసి గంటలోనే తిరుగుముఖం పట్టాను. పక్కనే బైనాక్యులర్స్‌తో కూర్చున్న కుర్రవాడు మాత్రం, గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలో తల దూర్చి చేపలు తినడం తీరిగ్గా చూశాడు. ఎవరు నేర్చుకున్నట్టు? నేనా, అతనా?

తేలిక పరికరం ఉన్నవాడు ఎక్కువసేపు ఆగగలడు. ఎక్కువసేపు ఆగినవాడే ఎక్కువ చూస్తాడు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు వంటి చోట్ల పక్షులు ఊరి చెరువులోనే ఉంటాయి. అక్కడ మామూలు కెమేరా కూడా చాలు. చేయి వణక్కుండా ఇసుక నింపిన గుడ్డసంచి మీద దాన్ని ఆనించండి. ఒక్క హెచ్చరిక: లెన్సు చిన్నది కదా అని గూళ్ళ దగ్గరికి మాత్రం పోకండి. తల్లి బెదిరి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకూ కాకులకూ బలవుతాయి. ఏ ఫోటో కూడా ఒక పిల్ల ప్రాణానికి సాటిరాదు.

పెద్దలకు నా మనవి ఒకటే. పిల్లవాడు అడిగాడని ఖరీదైన లెన్సుకు అప్పు చేయకండి. బడికి ఒక జత 8×30 బైనాక్యులర్స్ కొనండి. వాటి బరువు సుమారు అర కిలో. తరగతంతా వంతులవారీగా వాడుకోవచ్చు.

ఆ అమ్మాయికి నా బైనాక్యులర్స్, ఒక నోటుపుస్తకం ఇచ్చాను. మళ్ళీ గట్టుకు వెళుతోంది. మరి మీ ఊరి చెరువులో ఏ పక్షులున్నాయి? ఈ ఆదివారం వెళ్ళి చూడండి!